కలువ తొట్టి నీళ్ళు పచ్చబడితే మార్చకండి

మొన్న ఆదివారం పొద్దున్నే రాజమండ్రి నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. "బాబూ, నీళ్ళు మళ్ళీ పచ్చబడ్డాయి. ఇవాళ కూడా తోడేసి కొత్తవి పోశాను. మొక్క మాత్రం ఇంకా మొగ్గ వేయలేదు." జూన్‌లో మా దగ్గరే కలువ తీసుకెళ్ళారు. అప్పటి నుంచి వారం వారం ఇదే పని. ఆ వయసులో చెంబుతో తొట్టి తోడుతున్నారని వింటే మనసుకి కష్టంగా అనిపించింది. కడియం వైపు నర్సరీలో పద్నాలుగేళ్ళుగా నీటి మొక్కలే చూస్తున్నాను. ఈ ఒక్క పొరపాటుకి చచ్చిపోయినన్ని మొక్కలు పురుగుకీ తెగులుకీ కలిపి కూడా చావలేదు.

అపోహ: నీళ్ళు పచ్చబడ్డాయంటే పాడైనట్టే, వెంటనే మార్చాలి.

వాస్తవం: పాడవలేదు. అది కంటికి విడిగా కనపడనంత చిన్న నాచు. దానికి కావలసినవి ఎండ, నీళ్ళలో కరిగిన ఎరువు. కొత్త తొట్టిలో రెండూ దండిగా ఉంటాయి. దుంప ఇంకా వేళ్ళు దించలేదు కాబట్టి ఎరువు లాక్కునేవాళ్ళు లేరు. ఆకులు పైకి రాలేదు కాబట్టి నీడ లేదు. అలాంటప్పుడు పచ్చబడక ఏం చేస్తాయి? ఆకులు నీటి మీద సగానికి పైగా పరుచుకున్నాక నాచుకి వెలుతురు అందదు, ఎరువంతా వేళ్ళు లాగేస్తాయి, నీళ్ళు వాటంతట అవే తేరుకుంటాయి. దానికి నెల పట్టొచ్చు, చలికాలంలో రెండు నెలలూ పట్టొచ్చు. ఆ నెల ఓపిక పట్టమని నేను కాళ్ళావేళ్ళా పడతాను, వినేవాళ్ళు తక్కువ.

మార్చిన ప్రతిసారీ ఏం జరుగుతుందో చూడండి. అడుగు మట్టి కదిలి అందులోని ఎరువు నీళ్ళలో కలుస్తుంది. నాచుకి మళ్ళీ విందు. కలువ ఆకు కాడ నీటి లోతుని బట్టి సాగుతుంది. నీళ్ళు తీసేస్తే కాడలు కూలిపోయి ఆకులు ఎండకి మాడతాయి. మళ్ళీ ఆకులు వేయడానికి దుంప తనలో దాచుకున్న బలమే ఖర్చు పెట్టాలి. నాలుగైదుసార్లు ఇలా అయ్యాక పువ్వుకి మిగిలేదేముంది? తామర ఇంకా సున్నితం. దుంప కొనన ఉండే మొలక తోడేటప్పుడు విరిగితే ఆ దుంప తేరుకోవడం చాలా కష్టం. ఊరి చెరువులో తామరలు చూసే ఉంటారు. ఆ నీళ్ళు ఎవరు మార్చారు?

కొందరు పటిక వేస్తారు, కొందరు బ్లీచింగ్ చల్లుతారు. ఎవరో చెప్పారని మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేసి తెల్లారేసరికి చేపలన్నీ పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. మా నాయనమ్మ గోదావరి వరద నీళ్ళు తేరడానికి కుండ లోపల చిల్లగింజ అరగదీసేది. అది బురదకి పనికొచ్చే చిట్కా. నాచు ప్రాణమున్నది, ఎండా ఎరువూ ఉన్నంతకాలం మళ్ళీ పుడుతుంది.

అసలు జాగ్రత్త మొక్క పెట్టే రోజున తీసుకోవాలి. కోకోపీట్ కలిపిన కుండీ మట్టి వద్దు, పైకి తేలిపోతుంది. చెరువు మట్టి గానీ పొలం బంకమట్టి గానీ వాడండి. బాగా మాగిన పశువుల ఎరువు అట్టడుగున పిడికెడు వేసి, దాని మీద నాలుగంగుళాల మట్టి, ఆ పైన ఒక పొర ఇసుక. ఎరువు పైకి కనపడిందంటే నాచుని పిలిచినట్టే. రోజుకి ఐదారు గంటల ఎండ కావాలి. తగ్గిన నీళ్ళు మాత్రం పైన నింపుకోండి. మున్సిపాలిటీ నీళ్ళయితే ఒక రోజు బకెట్‌లో ఉంచి పోయండి. నీళ్ళు కంపు కొడితే, నల్లబడితే అది వేరే సంగతి. అప్పుడు కూడా పావు వంతే తీయాలి.

వారం వారం మార్చేవాళ్ళందరూ తెలియక చేస్తున్నారని నేను అనను. చాలామందికి దోమల భయం. ఆరోగ్య సిబ్బంది శుక్రవారం డ్రై డే అని ఇంటింటికీ వచ్చి నిలవ నీళ్ళు పారబోయమంటారు. కూలర్‌కి, పాత టైరుకి, కొబ్బరి చిప్పకి అది నూటికి నూరు పాళ్ళు సరైన మాట. డెంగీ దోమ మంచి నీళ్ళలోనే గుడ్లు పెడుతుంది, గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. చేపలు లేని కలువ తొట్టిలో కూడా దోమలు పుడతాయి, దాచాల్సిన పని లేదు. కానీ రెండడుగుల తొట్టిలో ఆరు గప్పీ చేపలు వేస్తే తోకపురుగు, అంటే నీళ్ళలో ఉండే దోమ పిల్ల, ఒక్కటీ మిగలదు. ఒకసారి కాకినాడలో ఒక ఇంటికి వెళ్ళాను. కోడలు నిండు గర్భిణి. అత్తగారు భయపడి తొట్టి తీయించేస్తానన్నారు. ఆ భయాన్ని ఎలా తప్పు పడతాం? కూలర్‌లో తోకపురుగులు ఉంటే ఒక గ్లాసుడు తెచ్చి తొట్టిలో పోశాను. అందరం చూస్తుండగానే గప్పీలు తినేశాయి. తొట్టి ఉంది, కూలర్ ఖాళీ చేశారు. నీళ్ళన్నీ ఒకేసారి మారిస్తే క్లోరిన్‌కి ఈ చేపలు చచ్చిపోతాయి, అప్పుడు దోమలు నిజంగానే వస్తాయి. గప్పీలు ఎక్కువైతే తెలిసినవాళ్ళకి ఇవ్వండి, కాలవలో వదలొద్దు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

నీలం తామర విత్తనాలని ఆన్‌లైన్‌లో అమ్మేవి కొనకండి. తామరలో నీలం రంగే లేదు, నీలం ఉన్నది కలువలో. ఆకు నీటి మీద నిలువుగా లేస్తే తామర, చీలిక ఉండి నీటి మీదే తేలితే కలువ.

పగలు పువ్వు ముడుచుకుంటోందని, ఏదో రోగమని టెన్షన్ పడతారు. ఎర్ర కలువ రాత్రి పూసే రకం. చంద్రుణ్ణి కలువలరేడు అన్నది అందుకే కదా. పగలు పువ్వు కావాలంటే నీలి కలువ పెట్టుకోండి.

గుర్రపు డెక్క పువ్వు అందంగా ఉందని కాలవ నుంచి తెచ్చుకోవద్దు. ఎక్కడో దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క, మా డెల్టా కాలవల్లో నీళ్ళు పారనివ్వడం లేదు. ఇప్పటికే ఉంటే ఎండబెట్టి పాతిపెట్టండి.

పాములు వస్తాయంటారు. పాము వచ్చేది ఎలకల కోసం, కప్పల కోసం. గట్టు ఎత్తుగా ఉన్న తొట్టి కోసం రాదు.

తొట్టికి చోటు లేకపోయినా పెరట్లో కుళాయి కింద ఎప్పుడూ తడిగా ఉండే జాగా ఉంటే అది అదృష్టం. అక్కడ మెట్ట తామర (కానా, తామర కాదు), వస, అంబ్రెల్లా పామ్, అంచుల్లో సరస్వతి ఆకు పెట్టండి. నాకు వస ఎక్కువ ఇష్టం. ఆకు నలిపితే వచ్చే ఆ ఘాటు వాసనకి చిన్నప్పటి ఇల్లు గుర్తొస్తుంది.

ఆ పెద్దావిడని కార్తీకం దాకా తొట్టి ముట్టుకోవద్దని బతిమాలాను. "చూస్తే చెయ్యి ఊరుకోదు బాబూ" అన్నారు. బుధవారం రాజమండ్రి లోడు ఉంది, వెళ్ళేటప్పుడు ఆరు గప్పీలు పట్టుకెళ్ళి ఆవిడ తొట్టిలో వేసి వస్తాను. చేపలు తిరుగుతుంటే తోడటానికి ఆవిడకి చెయ్యి రాకపోవచ్చు.