వీడర్ అంటుకోకపోతే కాయిలే పోయిందా? అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్లోనైనా, రణస్థలం, లావేరు వైపు మొక్కజొన్న చేలల్లోనైనా కలుపుకి తిరిగే పెట్రోలు వీడర్లలో ఎక్కువ భాగం 160 నుంచి 212 సీసీ లోపు ఒంటి సిలిండరు ఇంజన్లే. వేసవంతా మూలన పడేసి, తొలకరికి బయటికి తీసి, పదిసార్లు తాడు లాగి, అంటుకోకపోతే ‘కాయిలు (ప్లగ్గుకి నిప్పు అందించే కరెంటు పుట్టించే భాగం) పోయింది’ అని తేల్చేస్తారు. కాయిలు పోదని కాదు. అనుమానించే వరసలో దాని పేరు చివర రావాలి. కింద చెప్పిన కొలతలు బాగా వాడుకలో ఉన్న 163 సీసీ రకానివి. మీ బండి వేరేదైతే దాని పుస్తకం చూసుకోండి.

అపోహ: స్విచ్ ఆన్ చేస్తే కాయిలుకి కరెంటు వెళ్తుంది.

సరిగ్గా తిరగేసిన మాట. తాడుతో లాగే ఈ ఇంజన్లలో ఇగ్నిషన్‌కి బ్యాటరీ లేదు. ఫ్లైవీల్‌కి (ఇంజన్ షాఫ్ట్ చివర తిరిగే బరువు చక్రానికి) ఉన్న అయస్కాంతం కాయిలు ముందు నుంచి దాటిన ప్రతిసారీ కరెంటు అక్కడే పుడుతుంది. స్విచ్ చేసే పనల్లా దాన్ని చంపడమే. ఆఫ్‌లో పెడితే కాయిలు నుంచి వచ్చే సన్న వైరు ఇంజన్ బాడీకి ఎర్త్ అవుతుంది, ఆన్‌లో పెడితే ఆ వైరు ఊరకే ఉంటుంది. ఈ ముక్క బుర్రకెక్కితే సగం పని అయినట్టే. వైరు ఎక్కడైనా తెగితే నిప్పు వస్తుంది గాని ఇంజన్ ఆగదు. తెగకుండా పైతోలు మాత్రం అరిగి ఇనుముకి తగిలితే, స్విచ్ ఆన్‌లో ఉన్నా నిప్పు రాదు. వీడర్లలో ఈ వైరు హ్యాండిల్ దాకా పోతుంది. హ్యాండిల్ మడత దగ్గర, క్లిప్పుల కింద ఒరుసుకుని ఒరుసుకుని రాగి బయటపడుతుంది. ఎలుక కొరికినా అంతే.

పరీక్ష తేలిక. ప్లగ్గు ఊడదీసి, నిప్పు చూడ్డానికి కింద చెప్పిన పద్ధతిలో పెట్టి, కాయిలు దగ్గర ఆ సన్న వైరు కనెక్టర్‌ను విడదీసి, దేనికీ తగలకుండా వదిలి తాడు లాగండి. ఇప్పుడు నిప్పు వచ్చిందంటే కాయిలుకి ఏమీ కాలేదు. తప్పు స్విచ్‌లోనో, వైరులోనో, ఆయిల్ సెన్సర్‌లోనో (ఆయిల్ తగ్గితే ఇంజన్ ఆపేసే భాగం) ఉంది. కొందరు 12 వోల్టుల బ్యాటరీ తెచ్చి ఆ వైరుకి ముట్టిస్తారు. బాగున్న కాయిలు లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోవడానికి అంతకంటే దగ్గరదారి లేదు.

అపోహ: బయట నీలి నిప్పు కనిపిస్తే ఇగ్నిషన్ బాగున్నట్టే.

బయటి గాలిలో 0.7 మిల్లీమీటర్ల సందు దాటడం నీరసపడ్డ కాయిలుకీ చేతనవుతుంది. సిలిండర్లో నొక్కుకుపోయిన గాలి, పెట్రోలు మధ్య అదే సందు దాటాలంటే కొన్ని రెట్ల వోల్టేజి కావాలి. అందుకే స్పార్క్ టెస్టర్ పెట్టి 5, 6 మిల్లీమీటర్ల సందు దూకుతుందో లేదో చూడాలి.

చూసే పద్ధతిలోనూ తప్పులు జరుగుతాయి. ముందు పెట్రోలు కాక్ కట్టేయండి. ప్లగ్గు విప్పి, స్విచ్ ఆఫ్‌లో పెట్టి నాలుగుసార్లు తాడు లాగితే లోపల నిండిన పెట్రోలు బయటికి చిమ్మేస్తుంది. చిమ్మింది ఆరనివ్వండి. తర్వాత ప్లగ్గుకి క్యాప్ తొడిగి, దాని ఇనుప భాగం హెడ్డుకి గట్టిగా ఆనేలా, ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టి, స్విచ్ ఆన్ చేసి లాగండి. రంధ్రం పక్కనే నిప్పు పుట్టిస్తే మంట లేస్తుంది. మెల్లగా లాగితే కాయిలు పలకదు, ఊపుగా లాగాలి. ప్లగ్గు చేత్తో పట్టుకోవద్దు. క్యాప్‌ను గాలికి వదిలేసి లాగొద్దు. దారి దొరకని కరెంటు కాయిలు లోపలి ఇన్సులేషన్‌ను చీల్చుకుని పోతుంది.

మల్టీమీటరు ఉంటే ప్రైమరీ (కాయిలు లోపలి లావు తీగ చుట్టు) 0.8 నుంచి 1.0 ఓం, క్యాప్ తీసి సెకండరీ (సన్న తీగ చుట్టు) 5.9 నుంచి 7.1 కిలో ఓంలు, క్యాప్ విడిగా 7.5 నుంచి 12.5 కిలో ఓంలు చూపాలి. కాయిలు బాగుండి క్యాప్ పోయినవి తక్కువేం కాదు. మార్చాల్సింది క్యాప్ ఒక్కటే అయినప్పుడు మొత్తం కొనడం దండగ.

అపోహ: అరగంట నడిచి ఆగిపోతే కాయిలు వేడెక్కినట్టే.

కావచ్చు. కానీ ఇదే వేషం మరో రెండు మూడు తప్పులు కూడా వేస్తాయి, పట్టుకోవాలంటే ఆగిన నిమిషంలోనే పట్టుకోవాలి. చల్లారాక ఏ మీటరు పెట్టినా అంతా బాగానే ఉందంటుంది. ఆగగానే ముందు ట్యాంకు మూత వదులు చెయ్యండి. ‘సుయ్’మని గాలి లోపలికి పీల్చి, కాసేపటికే ఇంజన్ అంటుకుంటే, మూతలోని గాలి రంధ్రం దుమ్ముతో మూసుకుపోయింది. అది కాకపోతే చేతికి గుడ్డ చుట్టుకుని వేడి మీదే ప్లగ్గు తీసి నిప్పు చూడండి. అప్పుడు నిప్పు లేక, చల్లారాక మళ్లీ వస్తోందంటే ఇక నిక్కంగా కాయిలే. వేడి మీద కూడా నిప్పు బాగుంటే పెట్రోలు దారి, వాల్వు సందులు చూడాలి: చల్లటి ఇంజన్‌లో ఇన్‌టేక్ 0.15, ఎగ్జాస్ట్ 0.20 మిల్లీమీటర్లు.

కొత్త కాయిలు వేసే ముందు ఫ్యాన్ కవరు విప్పి సిలిండర్ రెక్కల మధ్య చూడండి. గడ్డి, మొక్కజొన్న పొట్టు గట్టిగా కూరుకుపోయి ఉంటాయి. అది తియ్యకపోతే కొత్త కాయిలూ అలాగే ఉడికిపోతుంది.

అపోహ: గట్టు ఎక్కుతుంటే ఆగిపోతోంది, కాయిలు వదులైంది.

ఆయిల్ సెన్సర్ ఉన్న ఇంజన్‌లో మట్టం తగ్గితే అది కూడా ఆ సన్న వైరునే ఎర్త్ చేస్తుంది. సీతంపేట కొండవాలు జీడి తోటల్లో బండి ఒరిగినప్పుడు ఆయిల్ ఒక పక్కకి చేరి, ఇంజన్ టక్కున ఆగుతుంది. పట్టేది సుమారు 600 మిల్లీలీటర్లే. చదును నేల మీద పెట్టి, పోసే రంధ్రం అంచు దాకా ఉందో లేదో చూడండి. సెన్సర్ వైరు పీకడం పరీక్షకే. అలాగే వదిలేసి వాలులో తోలితే ఏదో ఒక రోజు కనెక్టింగ్ రాడ్ పట్టేస్తుంది.

అపోహ: నిప్పు వస్తోంది కాబట్టి టైమింగ్ కూడా సరే.

తాడు చేతిని వెనక్కి గుంజుతున్నా, సైలెన్సర్లోంచి ఢాం అంటున్నా ఫ్లైవీల్ కీ (ఫ్లైవీల్‌ను షాఫ్ట్ మీద సరైన చోట నిలిపే చిన్న లోహపు ముక్క) చూడండి. తిరిగే బ్లేడు జీడి వేరుకో రాయికో తగిలి ఠక్కున ఆగితే ఫ్లైవీల్ కాస్త ముందుకి జరుగుతుంది. కీ తెగడమో నలగడమో జరిగి, నిప్పు రావాల్సిన వేళ తప్పుతుంది. అరిగిన కీ బదులు మేకు ముక్క దోపకండి. షాఫ్ట్ మీద ఫ్లైవీల్ కూర్చునే వాలు భాగాన్నీ, ఫ్లైవీల్ లోపలినీ నూనె లేకుండా తుడిచి, కొత్త కీ పెట్టి, నట్టు 75 న్యూటన్ మీటర్లకు బిగించాలి.

అపోహ: అయస్కాంతం బలం తగ్గిపోయింది.

చాలా అరుదు. కవిటి, సోంపేట లాంటి చోట్ల ఉప్పుగాలికి పట్టిన తుప్పే ఎక్కువ. సన్న ఎమరీ పేపరుతో అయస్కాంతం ముఖం, కాయిలు కాళ్లు రుద్ది, సందు 0.4 మిల్లీమీటర్లు పెట్టండి. రెండు బోల్టులు వదులు చేసి, మధ్యలో విజిటింగ్ కార్డు పెట్టి, అయస్కాంతాన్ని ఎదురుగా తెస్తే అదే కాయిలును లాక్కుంటుంది. అలాగే బిగించి, ఫ్లైవీల్ తిప్పుతూ కార్డు లాగేయండి.

అపోహ: ప్లగ్గును నిప్పుల మీద కాలిస్తే కొత్తదవుతుంది.

పింగాణీ పగులుతుంది. గరుకు కాగితంతో రుద్దితే ఆ రేణువులు సిలిండర్లోకి పోతాయి. వైర్ బ్రష్, పెట్రోలు, గాలి చాలు. సందు 0.7 నుంచి 0.8. కొత్తదైతే చేత్తో పూర్తిగా బిగించాక పానాతో అర చుట్టు.

అసలు ప్లగ్గు తీయగానే దాని మొహం చూడాలి. తడిగా ఉంటే నిప్పు సంగతి చూడండి, లేదా చోక్ ఎక్కువై పెట్రోలు నిండిపోయింది. పొడి మసి కడితే ఎయిర్ ఫిల్టర్ చూడండి. ఎన్నిసార్లు లాగినా ఎండిపోయినట్టే ఉంటే కాయిలు కవరు ముట్టుకోనక్కర్లేదు. కార్బరేటర్ కింద బౌలు విప్పి, అందులో ఉన్నది గాజు గ్లాసులోకి వంపండి. ఇథనాల్ కలిసిన పెట్రోలు మన తేమ గాలిలో నెలల తరబడి నిలవుంటే నీరు పట్టి, అడుగున వేరే పొరగా విడిపోతుంది. గ్లాసులో రెండు పొరలు కనిపిస్తే ట్యాంకు కూడా ఖాళీ చేసి కొత్త పెట్రోలు పోయండి.