ఏడో తరగతి దగ్గర ఆగిన అమ్మమ్మ రాస్తున్నది

సిరొంచ తాలూకా, మహారాష్ట్ర,
జనవరి 6

బిడ్డా చిన్నీ,

మొన్న 3వ తేదీన బడిలో నువ్వు సావిత్రిబాయి ఫులే వేషం వేసుకున్న ఫోటో మీ అమ్మ వాట్సాప్‌లో పంపింది. బొట్టు రూపాయి బిళ్ళంత పెట్టారు, బాగుంది. చీర మాత్రం నాలుగడుగులు వేస్తే జారేటట్టుంది. 1848లో పుణెలో ఆడపిల్లల బడి పెట్టి, పాఠం చెప్పడానికి ఆమె నడిచి వెళ్తుంటే జనం పేడ, బురద విసిరేవాళ్ళట. అందుకే సంచిలో ఇంకో చీర పెట్టుకుని, బడికి చేరాక మార్చుకునేదట. మీ టీచరమ్మ ఇది చెప్పిందో లేదో.

"అమ్మమ్మా, నువ్వు ఏడుతోనే ఎందుకు ఆగిపోయావు? ముత్తాత వద్దన్నాడా?" అని ఫోన్లో అడిగావు. లేదు బిడ్డా, నన్ను ఎవరూ వద్దనలేదు. మా ఊరి జెడ్పీ బడి ఏడుతో అయిపోయేది. హైస్కూలు పదకొండు కిలోమీటర్లు. పొద్దున ఒక ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు, సాయంత్రం ఒకటి. ఎనిమిదిలో చేరి మూడు నెలలు వెళ్ళాను. వానల్లో ఒకరోజు సాయంత్రం బస్సు రాలేదు. చీకటి పడేదాకా చింతచెట్టు కింద తడుస్తూ నిలబడ్డాను. బాపు టార్చిలైటు పట్టుకుని సైకిల్ మీద వచ్చాడు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు అమ్మ నా సంచి గోడ కొయ్యకు తగిలించి, చేతికి బిందె ఇచ్చింది. అంతే, అయిపోయింది.

అదే సైకిల్ మీద మా తమ్ముడు పదోదాకా చదివాడు. నాకు సైకిల్ నేర్పొచ్చని ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు చూడు, ఇప్పటికీ కోపం అందుకే.

బాహాటంగా వద్దనే చోట్లూ ఉన్నాయి. అఫ్గానిస్తాన్‌లో 2021 నుంచి ఆడపిల్లకు ఆరో తరగతితో సరి. మరుసటి ఏడు కాలేజీలూ మూసేశారు. పాకిస్తాన్‌లో మలాలా అనే పిల్ల బడి బండిలో ఇంటికొస్తుంటే 2012లో కాల్చారు. బతికి, పదిహేడేళ్ళకే నోబెల్ బహుమతి తీసుకుంది. ఇవి పేపర్లో వస్తాయి. బిందె సంగతి పేపర్లో రాదు. ఆఫ్రికాలో ఎన్నో ఊళ్ళలో నీళ్ళు మోసేది ఆడపిల్లలే. తలుపున్న మరుగుదొడ్డి లేక నెలకు నాలుగు రోజులు బడి మానేసే పిల్లలు మన దగ్గరా ఉన్నారు. ప్రపంచంలో చదవడం రాని పెద్దవాళ్ళు ముగ్గురుంటే ఇద్దరు ఆడవాళ్ళే.

2009 విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ళ దాకా ఉచితంగా చదివించాలంది. నేనైతే హైస్కూలు అయ్యేదాకా అని రాసేదాన్ని, ఆడపిల్ల ఆగేది ఎక్కువగా అక్కడే. ఇప్పుడు హైస్కూలు ఆడపిల్లలకని ఎస్టీ వాళ్ళ నీలం బస్సులు తిరుగుతున్నాయి, మానవ్ వికాస్ బస్సులంటారు. టికెట్ లేదు. అది హారన్ కొడితే ఈ వయసులో కూడా నా కాళ్ళు గుమ్మం దాకా పోతాయి.

వెనకింటి పిల్ల తొమ్మిదిలో ఉంది. నాలుగు రోజులు ఆ బస్సు ఆమె లేకుండానే పోయింది. అమ్మానాన్నలు గోదావరి అవతలికి మిర్చి ఏరడానికి పోయారు, రెండేళ్ళ తమ్ముణ్ణి చూసేవాళ్ళు లేరు. నిన్న వెళ్ళి, వాణ్ణి పగలు నా దగ్గర వదిలెయ్యమన్నాను. ఈ పొద్దున బస్సెక్కింది. ఈ కాగితం మీద పప్పు మరకలు వాడివే, ఏమనుకోకు.

మీ అమ్మమ్మ