మంచులో పైలట్‌కి ఏం కనిపిస్తుంది?

ధనుర్మాసం తెల్లవారుజామున రణస్థలం నుంచి పూసపాటిరేగ వైపు వస్తుంటే ఒక్కోసారి హైవే కనబడదు. డ్రైవర్ తెల్లగీతనే పట్టుకుని పోతాడు, మరీ కష్టమైతే పక్కకు ఆపేస్తాడు. భోగాపురం విమానాశ్రయం మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: ఆకాశంలో గీతేదీ, ఆపే చోటేదీ?

1929 సెప్టెంబరు 24న న్యూయార్క్ దగ్గర మిచెల్ ఫీల్డ్‌లో అమెరికా సైనిక పైలట్ జిమ్మీ డూలిటిల్ తన కాక్‌పిట్‌ను పూర్తిగా కప్పేసుకుని విమానం లేపాడు, చుట్టు తిప్పాడు, దించాడు. ఏదైనా తేడా వస్తే ఆదుకోవడానికి ముందు సీట్లో ఇంకో పైలట్ ఉన్నాడు, అది వేరే సంగతి. డూలిటిల్‌కు సాయపడిన ముఖ్యమైన పరికరాల్లో ఒకటి జైరోతో, అంటే వేగంగా తిరుగుతూ తన దిశ మార్చుకోని చక్రంతో, పనిచేసే కృత్రిమ క్షితిజ రేఖ. నేల ఎటుందో, ఆకాశం ఎటుందో చూపే చిన్న బొమ్మ అది. మబ్బులో మన లోచెవి అబద్ధం చెబుతుంది. ఒరిగి ఉన్నా తిన్నగా ఉన్నట్టే అనిపిస్తుంది.

ఆ బొమ్మే అబద్ధం చెబితే? 1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయ్ బయల్దేరిన ఎయిరిండియా 'ఎంపరర్ అశోక' సముద్రంలో కూలి 213 మంది పోయారు. కెప్టెన్ ముందున్న పరికరం విమానం కుడికి ఒరిగినట్టే చూపుతూ ఉండిపోయింది. ఆయన ఎడమకు తిప్పుతూ పోయాడు. కింద చీకటి సముద్రం, సరిచూసుకోవడానికి ఒక్క దీపం లేదు. కోపైలట్ పరికరం మాత్రం సరిగ్గానే ఉంది.

బొమ్మ గీయడంలోనూ పేచీ ఉంది. పాశ్చాత్య విమానాల్లో క్షితిజ రేఖ ఒరుగుతుంది, పాత సోవియట్ విమానాల్లో విమానం గుర్తు ఒరుగుతుంది. 2008లో రష్యాలోని పెర్మ్ దగ్గర బోయింగ్ 737 కూలి 88 మంది చనిపోయినప్పుడు దర్యాప్తులో ఈ తేడా కూడా చర్చకు వచ్చింది. నాకైతే రెండోదే సహజంగా తోస్తుంది. కానీ నేను నేల మీద కూర్చుని చెబుతున్నాను కదా!

డయళ్లన్నీ మనసులో కలుపుకునే బాధ పైలట్‌కి ఎందుకు, దారినే తెర మీద గీసేద్దాం అని 1950ల్లో అమెరికా నౌకాదళంలో జార్జ్ హూవర్ పట్టుబట్టాడు. అచ్చం మన హైవేలాంటి దారి. అప్పటి కంప్యూటర్లకు అంత శక్తి లేదు. 1982లో బోయింగ్ 767తో రంగుల తెరలు ప్రయాణికుల విమానాల్లోకి వచ్చాయి, కొండలూ రన్‌వే కూడా గీసి చూపే తెరలు ఇంకా తర్వాత.

బొమ్మ నిజం కావాలంటే విమానం ఎక్కడుందో కచ్చితంగా తెలియాలి. జీపీఎస్ తప్పులు సరిదిద్దే మన 'గగన్' వ్యవస్థను 2015లో ప్రారంభించింది అప్పటి పౌర విమానయాన మంత్రి, మన విజయనగరం అశోక్ గజపతిరాజే. 2022లో ఇండిగో వారి ఏటీఆర్ రకం చిన్న విమానం ఒకటి రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దాని సాయంతో దిగింది.

తెర మీద రన్‌వే ఎంత చక్కగా కనిపించినా, దానంతటదే దిగే ఏర్పాటు లేని చోట, నిర్ణీత ఎత్తుకు వచ్చేసరికి పైలట్‌కి అసలు రన్‌వేనో దాని దీపాలో కంటికి ఆనాలి. ఆనకపోతే మళ్లీ పైకి లేవాల్సిందే. విశాఖ రావాల్సిన విమానం మంచు పట్టిన రోజున హైదరాబాద్‌కు మళ్లేది ఇందుకే.