హనుమంతుడి కంటే ముందు ఐరిష్ వాళ్ల వంతు

టెక్సాస్‌లో హ్యూస్టన్ పక్కన షుగర్ ల్యాండ్‌లోని అష్టలక్ష్మి గుడి ఆవరణలో 2024 ఆగస్టులో చినజీయర్ స్వామి ఆధ్వర్యంలో 90 అడుగుల హనుమంతుడిని ప్రతిష్ఠించారు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో, ఆ రాష్ట్రం నుంచే సెనేట్‌కి రిపబ్లికన్ టికెట్ కోసం తిరుగుతున్న అలెగ్జాండర్ డంకన్ ఆ విగ్రహం వీడియో పెట్టి, ఈ అబద్ధపు దేవుణ్ణి టెక్సాస్‌లో ఎందుకు ఉండనిస్తున్నాం, మనది క్రైస్తవ దేశం కదా అని రాశాడు. మనవాళ్లు భగ్గుమన్నారు. ట్రంప్ వచ్చాకే అమెరికా ఇలా తయారైందని చాలామంది తేల్చేశారు. ట్రంప్‌ని తిట్టడానికి కారణాలు బోలెడున్నాయి గానీ, ఈ జబ్బు మాత్రం ఆయన తాత జర్మనీలో పుట్టక ముందే అమెరికాలో ఉంది.

1844లో ఫిలడెల్ఫియాకి వెళ్దాం. అప్పట్లో అక్కడి ప్రభుత్వ బడుల్లో రోజూ బైబిల్ చదివించేవాళ్లు, అదీ ప్రొటెస్టెంట్లు వాడే కింగ్ జేమ్స్ బైబిల్. ఐర్లండ్ నుంచి వచ్చిన కేథలిక్కుల పిల్లలూ అదే చదవాలి. బిషప్ కెన్రిక్ అడిగింది చాలా చిన్న విషయం: మా పిల్లల్ని మా బైబిల్ చదువుకోనివ్వండి అని. అది నోటానోటా పాకేసరికి 'కేథలిక్కులు బడుల్లోంచి బైబిల్‌నే పీకేస్తున్నారు' అని మారిపోయింది. మే నెలలో కెన్సింగ్టన్ పేటలో ఐరిష్ వాళ్ల ఇళ్లు తగలబడ్డాయి, సెయింట్ మైకేల్, సెయింట్ ఆగస్టీన్ చర్చిలు కాలి బూడిదయ్యాయి, దానితో పాటు ఆగస్టీన్ చర్చిలో ఉన్న వేలాది పుస్తకాలు కూడా. జులైలో మళ్లీ గొడవ, ఈసారి వీధుల్లో ఫిరంగులు పేలాయి. మేలో జరిగినదానిపై విచారణ జరిపిన గ్రాండ్ జ్యూరీ చివరికి తప్పు ఎవరిదంది? బడుల్లోంచి బైబిల్‌ని తీసేయాలని చూసినవాళ్లది! ఇళ్లూ చర్చిలూ పోగొట్టుకున్నవాళ్లదే నేరం అన్నమాట.

2025లో టెక్సాస్ ప్రతి ప్రభుత్వ బడి తరగతి గదిలోనూ పది ఆజ్ఞలు తగిలించాలని చట్టం చేసింది. అందులో నిర్దేశించిన పాఠం కూడా కింగ్ జేమ్స్ బైబిల్ నుంచి తీసుకున్నదే. దానిమీద కోర్టుల్లో కేసులు పడ్డాయి.

సరే, ఫిలడెల్ఫియా తర్వాత ఈ ద్వేషానికి ఒక పార్టీయే పుట్టింది. మొదట అది రహస్య సంఘం, ఎవరైనా అడిగితే 'నాకేమీ తెలీదు' అనాలి కాబట్టి జనం దానికి 'నో నథింగ్' (Know Nothing) అని పేరు పెట్టేశారు. 1854లో మసాచుసెట్స్ శాసనసభ దాదాపు మొత్తం వీళ్ల చేతికొచ్చింది. రాగానే చేసిన ఘనకార్యాల్లో ఒకటి, కేథలిక్ సన్యాసినుల మఠాల్లోనూ బడుల్లోనూ ఏం జరుగుతోందో తనిఖీ చేసే కమిటీ. సభ్యులు రాక్స్‌బరీలో ఒక బడికి వెళ్లి గదుల్లో, అల్మారాల్లో వెతికారు, ఏమీ దొరకలేదు. దొరికింది కమిటీ సభ్యుడు జోసెఫ్ హిస్ బాగోతం: తనిఖీ పేరుతో తిరుగుతూ ఒక ఆవిడ హోటల్ ఖర్చు కూడా ప్రభుత్వ ఖాతాలో రాయించాడని తేలడంతో సభ నుంచి గెంటేశారు. నీతి కాపలాదారుల కథలు అప్పుడూ ఇలాగే ఉండేవి.

ఇంతటితో ఆగితే ఐరిష్ వాళ్లమీద జాలిపడి ఊరుకోవచ్చు. కానీ 1877లో శాన్ ఫ్రాన్సిస్కోలో చైనావాళ్లు పోవాల్సిందే అంటూ సభలు పెట్టి జనాన్ని ఉర్రూతలూగించిన డెనిస్ కెర్నీ ఎవరు? ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతంలో పుట్టి వలస వచ్చినవాడే. ఐదేళ్లలో, 1882లో, చైనా కూలీల రాకను నిషేధిస్తూ చట్టమే వచ్చింది. చైనావాళ్లయ్యాక జపాన్ వాళ్లు, వాళ్ల తర్వాత మన వంతు. 1907 సెప్టెంబర్‌లో వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో కొన్ని వందల మంది తెల్లవాళ్లు, కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీ కూలీలను బసల్లోంచి లాగి కొట్టి తరిమారు. వాళ్లలో ఎక్కువమంది సిక్కులు, కానీ గుంపు దృష్టిలో అందరూ 'హిందూ'లే. కొద్ది రోజుల్లోనే ఊరు ఖాళీ అయిపోయింది.

నన్ను బాగా ఇబ్బంది పెట్టేది మాత్రం భగత్ సింగ్ థింద్ కేసు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తలపాగాతోనే అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అప్పటి చట్టం ప్రకారం తెల్లవాళ్లకూ ఆఫ్రికా మూలాలవాళ్లకూ మాత్రమే పౌరసత్వం. పౌరసత్వం కోరుతూ థింద్ ఏమన్నాడు? నేను పైకులపు ఆర్యుణ్ణి, కాకేసియన్‌ని, అంటే అప్పటి శాస్త్రం లెక్కలో తెల్లజాతివాణ్ణే అన్నాడు. అక్కడితో ఆగలేదు, నల్లవాళ్లతో పెళ్లిసంబంధాన్ని మీరెలా చూస్తారో మా పైకులం వాళ్లు ఇండియాలోని ఆదివాసులతో సంబంధాన్ని అలాగే చూస్తారని కూడా వాదన వినిపించారు ఆయన తరఫున. అంటే మేమూ మీలాంటివాళ్లమే, మాకూ తక్కువవాళ్లున్నారు అని. 1923 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కాదంది. శాస్త్రం ఏమన్నా సరే, మామూలు మనిషి కంటికి నువ్వు తెల్లవాడివి కాదు అని రాసిన జడ్జి సదర్లాండ్ స్వయంగా ఇంగ్లండ్‌లో పుట్టి వలస వచ్చినవాడు. ఆ తీర్పు పట్టుకుని, అప్పటికే పౌరులైన భారతీయుల పౌరసత్వాలు కూడా లాక్కున్నారు. వాళ్లలో శాన్ ఫ్రాన్సిస్కో వ్యాపారి వైష్ణోదాస్ బగాయ్ 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. థింద్‌కి 1936లో పౌరసత్వం వచ్చింది, అదీ మాజీ సైనికుల కోసం చేసిన చట్టం పుణ్యమా అని. భారతీయులందరికీ తలుపు తెరిచింది 1946లో, ఏడాదికి వందమంది కోటాతో.

ఇప్పుడు మనవాళ్లలో చాలామంది 'మేం లీగల్‌గా వచ్చాం, చదువుకున్నాం, ట్యాక్సులు కడుతున్నాం, ఈ గొడవంతా బోర్డర్ దాటి వచ్చినవాళ్ల గురించే' అంటుంటే నాకు థింద్ లాయర్లే గుర్తొస్తారు. 2024 డిసెంబర్‌లో చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌కి వైట్‌హౌస్‌లో ఏఐ సలహాదారు పదవి ఇస్తే ట్రంప్ శిబిరంలోనే ఎంత రభస జరిగిందో చూశాం. మరుసటి ఏడాది సెప్టెంబర్ 19న హెచ్1బీకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది. అది కొత్త దరఖాస్తులకే అని వైట్‌హౌస్ స్పష్టం చేసింది మర్నాడు. ఈలోగా శాన్ ఫ్రాన్సిస్కోలో విమానం ఎక్కి కూర్చున్నవాళ్లు, చేతిలో చెల్లే వీసా ఉన్నవాళ్లే, బయటికెళ్తే మళ్లీ రానిస్తారో లేదోనని టెన్షన్‌తో దిగిపోయారు.