కొబ్బరి చిప్పతో సముద్రపు తాబేలు

పిల్లలూ,

సెలవుల్లో సముద్రపు జంతువుల బొమ్మలు చేస్తామని, దేనితో మొదలుపెట్టాలని అడిగారు కదా. మన విశాఖ, శ్రీకాకుళం తీరాలకు ఏటా గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలుతో మొదలుపెట్టండి. ఆ ఒక్కదాన్నీ శ్రద్ధగా చేస్తే చాలు, బోలెడు తెలుస్తుంది.

దీని డిప్ప దాదాపు గుండ్రంగా ఉంటుంది కాబట్టి కొబ్బరి చిప్ప చక్కగా సరిపోతుంది. పీచు గీకే పని మాత్రం పెద్దవాళ్ళకు ఇవ్వండి. తర్వాత మీరు గరుకు కాగితంతో రుద్ది, పాత అట్ట మీద చిప్పను బోర్లించి, చుట్టూ గీత గీయండి.

తల, కాళ్ళు గీసే ముందు కాస్త ఆగండి. చాలామంది ఇక్కడ చెరువు తాబేలు కాళ్ళు గీసేస్తారు. సముద్రపు తాబేలువి తెడ్లు. ముందువి పొడుగ్గా ఉంటాయి, ఈదేది వాటితోనే. వెనకవి పొట్టిగా, వెడల్పుగా ఉంటాయి. దిశ మార్చుకోవడానికీ, ఇసుకలో గొయ్యి తవ్వడానికీ అవే పనికొస్తాయి. ముందు తెడ్డు లోపల మన చేతికి ఉన్నట్టే ఐదు వేళ్ళ ఎముకలుంటాయి. పెన్సిల్‌తో సన్నగా గీసి చూడండి, భలే ఉంటుంది. ఇది తలనూ తెడ్లనూ డిప్పలోకి ముడుచుకోలేదు. అందుకే అవి బయటికి స్పష్టంగా కనపడేలా అట్ట కత్తిరించి, పైన చిప్పను ఫెవికాల్‌తో అతికించండి. తోక చిన్నదిగా ఉంటే ఆడది, డిప్ప దాటి పొడుగ్గా వస్తే మగది. ఒడ్డుకు వచ్చి గుడ్లు పెట్టేది ఆడదే కాబట్టి మనం చిన్న తోకే పెడదాం.

ఇక డిప్ప మీద పలకలు. నడిమి వరుసకు అటూ ఇటూ ఉండే పలకలు పచ్చ తాబేలు అనే మరో రకం సముద్రపు తాబేలుకు నాలుగేసి ఉంటాయి. ఆలివ్ రిడ్లేకు సాధారణంగా ఆరో, అంతకంటే ఎక్కువో ఉంటాయి. పైగా కుడివైపు లెక్క, ఎడమవైపు లెక్క ఒకటి కాకపోవచ్చు కూడా. మీ గీతలు అటు ఆరు, ఇటు ఏడు వచ్చాయా? చెరిపేయకండి, నిజం తాబేలు కూడా అలా ఉండొచ్చు. పసుపు రంగులో కొంచెం నలుపు కలిపితే దీని ఒంటి రంగు వస్తుంది.

కంటి కింద ఒక నీటి చుక్క వేయండి. ఒడ్డున గుడ్లు పెట్టే తాబేలు ఏడుస్తోందనుకుంటారు చూసినవాళ్ళు. ఒంట్లో ఎక్కువైన ఉప్పును కంటి దగ్గరి గ్రంథులు అలా బయటికి పంపిస్తాయంతే.

కాస్త మట్టి తీసుకుని పింగ్‌పాంగ్ బంతులంత గుడ్లు చేయండి. ఒక్క గొయ్యిలో ఇంచుమించు వంద ఉంటాయి. మీరు ఓ పది చేస్తే చాలు. పిల్ల తాబేళ్ళకు మాత్రం తల్లి రంగు వేయకండి, అవి దాదాపు నల్లగా ఉంటాయి.

మెరుపుల పొడి, థర్మోకోల్ అస్సలు వాడొద్దు. అవి కాలవలో పడితే చివరికి చేరేది సముద్రానికే. జెల్లీ ఫిష్ అనుకుని ప్లాస్టిక్ సంచులు మింగి తాబేళ్ళు చచ్చిపోతున్నాయంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య తీరంలోని హేచరీల నుంచి, అంటే గుడ్లను కాపాడి పొదిగించే చోట్ల నుంచి, పిల్ల తాబేళ్ళను సముద్రంలోకి వదులుతుంటారు. అమ్మానాన్నలతో వెళ్ళి చూడండి. ఫోన్ లైటు వేయకండి, వెలుతురు ఎటుంటే అవి అటే పోతాయి.

బొమ్మ పూర్తవగానే పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటో తీసి పంపండి. పలకలు లెక్కపెడతాను.

ప్రేమతో,
మీ అమ్మమ్మ