పక్కన కూర్చునే ఆ పెద్ద ఎవరు?

నేరం చేశారన్న ఆరోపణ ఉన్న పిల్లల్ని విచారణ సాగే రోజుల్లో ఉంచే అబ్జర్వేషన్ హోముల్లో, వాళ్లకు వీడియో కాల్ కౌన్సెలింగ్ సరిపోతుందా, మనిషే రావాలా అన్న గొడవ మళ్లీ మొదలైంది. ఈ పిల్లల కేసులకు వర్తించే జువైనల్ జస్టిస్ చట్టం ఎలా వచ్చింది, 2015లో ఎందుకు మార్చారు అన్నవి చాలామందికి తెలిసినవే, వాటి జోలికి పోను. అసలు ముడి పడింది 2020లో, తొమ్మిది రోజుల తేడాతో.

లాక్‌డౌన్ మొదలైన మార్చి 25నే కేంద్రం టెలిమెడిసిన్, అంటే ఫోన్‌లో, వీడియోలో వైద్యం, మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో మైనర్లకు ఒక షరతు ఉంది: పక్కన పెద్దవాళ్లు ఒకరు ఉండాలి, వాళ్లెవరో డాక్టర్ నిర్ధారించుకోవాలి. అమ్మ పక్కన కూర్చునే పిల్లాడికి ఇది మంచి నియమమే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టులో జస్టిస్ నాగేశ్వరరావు, జస్టిస్ దీపక్ గుప్తా ధర్మాసనం, తనంతట తానే చేపట్టిన కేసులో, అబ్జర్వేషన్ హోముల్లోని పిల్లలందరికీ కౌన్సెలింగ్ అందేలా చూడమంది. బయటివాళ్లు లోపలికి వెళ్లలేని రోజులు, ఫోనే దిక్కు.

మరి హోములో "పక్కన ఉండే పెద్ద" ఎవరు? సూపరింటెండెంటో, పిల్లల్ని చూసుకునే హౌస్ ఫాదరో. రాత్రి వాళ్ల చేతిలో దెబ్బలు తిన్న పిల్లాడు పొద్దున వాళ్ల టేబుల్ మీదున్న ఫోన్ ముందు కూర్చుంటే ఏం చెప్తాడు? ఒక్కసారి పక్కకు చూసి "బాగానే ఉన్నా మేడమ్" అంటాడు. అవతలి డాక్టరమ్మకు కనబడేది వాడి ముఖమే, వాడు ఎవరివైపు చూశాడో కనబడదు.

ఇంకో భయం కూడా ఉంది. 16 దాటిన పిల్లాడి మీద ఘోరమైన నేరం కేసు ఉంటే, పెద్దవాళ్లలా విచారించాలా అని తేల్చడానికి, పిల్లల కేసులు వినే జువైనల్ జస్టిస్ బోర్డు మొదట వాడి మానసిక సామర్థ్యాన్ని అంచనా వేస్తుంది. బోర్డులో పిల్లల మనస్తత్వం చదివినవాళ్లు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవాల్సిందేనని 2022 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది, సరైన మాటే. కానీ స్క్రీన్ మీది మేడమ్ సాయం చేయడానికి వచ్చిందో, అంచనా వేయడానికి వచ్చిందో ఆ పిల్లాడికి ఎలా తెలుస్తుంది?

డాక్టర్లు తక్కువ, ఆస్పత్రికి తీసుకెళ్లాలంటే ఎస్కార్ట్ కావాలి, ఏమీ లేనిదానికంటే ఫోన్ నయం కదా అంటారు అధికారులు. నిజమే. 2022 అక్టోబర్ 10న వచ్చిన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఎవరైనా, ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, కానీ హోములో పిల్లాడి చేతికి ఫోన్ ఎవరిస్తారు? జువైనల్ జస్టిస్ చట్టం కింద వచ్చిన 2016 మోడల్ రూల్స్ అడిగింది శిక్షణ ఉన్న కౌన్సెలర్‌ని, ఒక్కో పిల్లాడికీ క్రమం తప్పని థెరపీని. కరోనా నాటి ఏర్పాటు ఆ కౌన్సెలర్ కుర్చీలో కూర్చుండిపోకూడదు. ఈలోగా కనీసం ఆ పెద్దమనిషి పిల్లాడు కనబడేంత దగ్గర్లో, మాట వినబడనంత దూరంలో కూర్చోవాలి.