రైలు ఎంగిలితో మొదలైన తగువు: పందుల కుడితిని ఎందుకు ఉడికించాలి?

పందులను చంపే వైరస్ జబ్బు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వార్త వచ్చినప్పుడల్లా హోటళ్ల ఎంగిలి పందులకు పెట్టడం మీద గొడవ మళ్లీ లేస్తుంది. 2020లో ఆ జబ్బు అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడ్డాక మన దగ్గరా అదే వాదన. పూర్తిగా నిషేధించాలని ఒక పక్షం, ఉడికించి పెట్టుకుంటాం అని పెంపకందారులు. ఈ ప్రశ్నకు అమెరికా 70 ఏళ్ల కిందటే ఒక జవాబు వెతికింది. వెతికించింది వేరే జబ్బు, పందులకు పొక్కులు తెచ్చే వెసిక్యులర్ ఎగ్జాంతిమా. కారణం కాలిసివైరస్ అనే కుటుంబానికి చెందిన ఒక వైరస్.

1932లో కాలిఫోర్నియాలో దాన్ని గాలికుంటు అనుకుని వేల పందులను చంపి పూడ్చిన సంగతి చాలామంది రాశారు. పొరపాటు పడటంలో వింతేమీ లేదు. ముట్టె మీద, పెదాల మీద, నాలుక మీద, గిట్టల మధ్య తెల్లటి పొక్కులు, జ్వరం, ఒకటి రెండు రోజుల్లో పొక్కు చిట్లి పచ్చి పుండు, పంది కుంటుతుంది, మేత ముట్టదు. కంటితో చూసి గాలికుంటుకూ దీనికీ తేడా చెప్పలేం. అప్పట్లో తేల్చింది ఇతర జంతువులే: పొక్కు రసం ఎక్కిస్తే ఆవుకు, గినీ పందికి గాలికుంటు వస్తుంది, ఇది రాదు. పెద్ద పందులు చాలావరకు వారం, రెండు వారాల్లో కోలుకుంటాయి. పాలు తాగే పిల్లలు చనిపోవచ్చు, కొన్ని సూడి పందులు ఈసుకుపోతాయి (గర్భం పోతుంది).

అసలు మలుపు 1952. అప్పటిదాకా జబ్బు దాదాపుగా కాలిఫోర్నియా దాటలేదు. అక్కడి నుంచి వచ్చే ప్రయాణికుల రైలు వంటశాలలోని పచ్చి పంది మాంసం ముక్కలు వ్యోమింగ్‌లోని షయెన్‌లో పందుల తొట్టిలోకి చేరాయి. ఆ పందులను నెబ్రాస్కాలోని గ్రాండ్ ఐలాండ్‌లో ఒక సీరం (జబ్బుల మందుగా వాడే రక్తద్రవం) తయారీ సంస్థ కొన్నది. జూన్‌లో అక్కడ పొక్కులు కనబడేసరికే వైరస్ సంతలకు, లారీలకు ఎక్కేసింది. ఏడాది తిరిగేసరికి 40కి పైగా రాష్ట్రాలు. అంతకుముందు 20 ఏళ్లు చంపడం, దిగ్బంధించడం మాత్రమే చేశారు. ఎంగిలి మాత్రం పచ్చిగానే తొట్టిలో పడింది. పొక్కులున్న పంది కబేళాకు, దాని మాంసం వంటింటికి, వంటింటి చెత్త మళ్లీ పందికి. గొలుసు తెగాల్సింది ఇక్కడ.

రాష్ట్రాలు వరుసగా ఉడికింపు చట్టాలు తెచ్చాయి. పచ్చి ఎంగిలి తిన్న పందులు రాష్ట్రం దాటకుండా కేంద్రం అడ్డుకట్ట వేసింది. జబ్బుపడ్డ మందలను తీసేసి, 2 శాతం కాస్టిక్ సోడాతో కొట్టాలు కడిగారు. చివరి కేసు 1956లో న్యూజెర్సీలో. 1959లో జబ్బు పోయిందని ప్రకటించారు. ఎంగిలి పెట్టడం మాత్రం ఆగలేదు. నిషేధ పక్షం ఎక్కువగా దాటేసేది దీన్నే.

ఉడికించడమంటే పొయ్యి మీద పెట్టి దించడం కాదు. 1980 నాటి అమెరికా చట్టం కింద వచ్చిన నిబంధన చెప్పింది 100 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు. మంట పెట్టినప్పటి నుంచి కాదు, మొత్తం సరుకు తెర్లడం మొదలయ్యాక లెక్క. 200 లీటర్ల డ్రమ్ములో పైన బుడగలు వస్తుంటే మధ్యలోని ఎముక, గడ్డకట్టిన మాంసం గోరువెచ్చగానే ఉంటాయి. పెద్ద ముక్కలు ముందే కొట్టాలి, అడుగు మాడకుండా కలుపుతూ ఉండాలి. అంతకన్నా ఎక్కువగా జరిగే తప్పు, పచ్చి ఎంగిలి తెచ్చిన బకెట్‌తోనే ఉడికినది తోడటం. అప్పుడు అరగంట కట్టెలు వృథా. పచ్చిదానికి ఒక రంగు బకెట్, ఉడికినదానికి వేరే రంగుది, అదీ పందుల కొట్టానికి అవతల.

నిషేధం కోరేవాళ్లు బ్రిటన్‌ను చూపిస్తారు. 2001లో గాలికుంటు మొదలైనట్టు తేల్చిన హెడన్-ఆన్-ది-వాల్ ఫారానికి ఉడికించిన ఎంగిలి పెట్టే లైసెన్సు ఉంది. అయినా ఉడకని ఎంగిలి పందులకు చేరిందని విచారణ తేల్చింది. 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చిన ఆ ఏడాదే బ్రిటన్ ఎంగిలినే నిషేధించింది. వాదన బలమైనదే. కానీ అక్కడ తప్పింది ఉడికింపు సూత్రం కాదు, తనిఖీ. పైగా మన నగరాల్లో హోటల్ ఎంగిలి మీద బతికే చిన్న పెంపకందారుకు దాణా కొనే దారి చూపకుండా నిషేధిస్తే డ్రమ్ము ఆగుతుంది, ఎంగిలి రాత్రిపూట పచ్చిగానే చేరుతుంది.

1972లో కాలిఫోర్నియా తీరంలోని శాన్ మిగెల్ దీవి సీ లయన్లలో (సముద్ర సింహాల్లో) దొరికిన వైరస్‌ను పందులకు ఎక్కిస్తే అచ్చం అవే పొక్కులు వచ్చాయి. తర్వాత ఆ తీరపు ఓపల్‌ఐ చేపలోనూ అదే జాతి వైరస్ కనిపించింది. పందులకు జబ్బు మొదట సముద్రపు వ్యర్థాల నుంచే వచ్చి ఉంటుందన్న అనుమానం అందుకే. కాబట్టి మాంసం ముక్కలతో పాటు చేపల సంత నుంచి వచ్చే తలలు, పేగులు కూడా అదే డ్రమ్ములో, అదే అరగంట ఉడకాలి.